మగ్రిబ్ సైరన్‌కు ఎన్ని అధికారాలు కావాలి

అల్లాల్‌కు కోపం తెప్పించడం మాటలు కాదు. వీధిలో ఎవరేమన్నా నవ్వేసి తన దారిన తాను పోయే రకం. అలాంటి మనిషి చలికాలమంతా పళ్లు నూరుతూ బతికాడంటే దానికి కారణం ఒకే ఒక్క మాట: "అనుమతి లేదు." ఆ మాట అన్నది మనిషి కాదు, కంప్యూటరు. ఏ పనికి అనుమతి లేదో చెప్పదు, ఎందుకు లేదో చెప్పదు. మొకాతా అనే వార్డు ఆఫీసులో కిటికీ వెనక గుమాస్తా "ఒక కాగితం తక్కువైంది, రేపు రా" అంటాడే, ఏ కాగితమో మాత్రం చచ్చినా చెప్పడే, అచ్చం ఆ తీరు. గుమాస్తా అయితే కనీసం టీకి లేస్తాడు, పక్క కిటికీలో ఆరా తీయొచ్చు. దీని దగ్గర ఆ వెసులుబాటు కూడా లేదు.

అల్లాల్ వడ్రంగి కొడుకు. తండ్రి దేవదారు చెక్కతో తలుపులు చేసేవాడు. కొడుక్కి ఉలి పట్టుకోవడం రాలేదు కానీ పాడైన రేడియోలు చేతికి దొరికితే అన్నం నీళ్లు గుర్తొచ్చేవి కావు. చదువు ఎలాగో గట్టెక్కింది. పెళ్లి రెండు మూడు చోట్ల కుదిరినట్టే కుదిరి జారిపోయింది. తండ్రి పోయాక తల్లి లల్లా హనియాతో ఊరి పాత కోట గోడ పక్కనున్న దర్బులో, అంటే ఇరుకు సందులో, కింద వంటిల్లు, పైన రెండు గదులు ఉన్న ఇంట్లో ఉండిపోయాడు. ఉద్యోగం సి మఫద్దల్ గారి చిన్న కంపెనీలో. వీధి దీపాలు వెలిగించడానికీ, పార్కులకు నీళ్లు వదలడానికీ మున్సిపాలిటీలకు కంప్యూటరు పెట్టెలు అమర్చి ఇచ్చే కంపెనీ అది. ఆ పెట్టెల్లో ఒకటి కోట బురుజు మీద ఉంది. అది రంజాన్ నెలలో సాయంత్రం పొద్దు గుంకే మగ్రిబ్ నమాజు వేళకు సైరన్ మోగిస్తుంది. అది విన్నాకే ఊరంతా ఉపవాసం విడిచి ఖర్జూరం నోట్లో వేసుకుంటుంది.

కిందటి రంజాన్‌లో ఆ పెట్టె అల్లాల్ పరువు తీసింది. ఎవరో తుంటరి కుర్రాళ్లు సెల్‌ఫోన్‌తో పెట్టెలోకి దూరి, ఎండ బాగా కాస్తున్న మధ్యాహ్నం సైరన్ మోగించారు. నిజానికి ఎవరూ మోసపోలేదు, సూర్యుడు నడినెత్తిన ఉంటే ఎవరు మోసపోతారు. కానీ ఊరు నవ్వింది. ఏడాది పొడుగునా నవ్వుతూనే ఉంది. స్ఫెంజ్ అనే పిండి గారెలు వేయించే బా ఖద్దూర్ దుకాణం ముందు నుంచి పోవాలంటే అల్లాల్‌కు ప్రాణం మీదికొచ్చేది.

"ఏం అల్లాల్, ఇవాళ మగ్రిబ్ ఎన్నింటికి నాయనా? పన్నెండున్నరకా?" అనేవాడు బా ఖద్దూర్, నూనెలోంచి స్ఫెంజ్‌ను పుల్లతో తీస్తూ. "ముందుగా చెబితే పిండి కలుపుకుంటా."

ఇదంతా అల్లాల్ దులిపేసుకునేవాడే. దులుపుకోలేనిది ఇంట్లో ఉంది. లల్లా హనియాకు కళ్లు మసకలు. వంటింటికి కిటికీ లేదు. వీధి మసీదు మరమ్మతుల్లో ఉండటంతో అజాన్ వినబడటం లేదు. ఆమెకు తెలిసిన మగ్రిబ్ అంటే ఆ సైరనే, చిన్నప్పటి నుంచీ అదే. కుర్రాళ్ల పని తర్వాత ఆ నెలంతా ఆమె సైరన్ విన్నా ఖర్జూరం చేతిలో పట్టుకుని కూర్చునేది. అల్లాల్ ఆఫీసు నుంచి ఫోన్ చేసి "నిజమేనమ్మా, తిను" అంటేనే తినేది. కొడుకు పెట్టెను తల్లి నమ్మకపోవడం అతనికి గొంతులో ముల్లులా ఉండేది. పండగ నాడు ఆమె చెయ్యి పట్టుకుని మాటిచ్చాడు.

"వచ్చే రంజాన్‌కి నువ్వెవర్నీ అడగనక్కర్లేదమ్మా. సైరన్ మోగిందా, తినేయ్. అంతే."

"సరే నాన్నా. నువ్వు చెబితే సరే," అంది ఆమె.

ఆ మాట నిలబెట్టుకోవడానికే పెట్టెను బురుజు మీంచి ఆఫీసుకు దింపుకుని చలికాలమంతా దాని ముందు కూర్చున్నాడు.

సంగతి ఏమిటంటే, కంప్యూటరు లోపల ప్రోగ్రాములన్నిటి మీదా ఒక పెత్తందారు ఉంటుంది. దాన్ని కెర్నెల్ అంటారు. ఏ ప్రోగ్రామైనా తీగలోకి కరెంటు వదలాలన్నా, ఫైలు తెరవాలన్నా దాన్ని అడగాల్సిందే. అడిగినవాడికి ఆ పని చేసే అధికారం ఉందా అని అది చూసుకుంటుంది. ఉంటే సరే, లేకపోతే అనుమతి లేదు. ఈ అధికారాలు చాలా రకాలు, దేనికది విడి. కానీ ఓపిక లేనివాళ్లు అన్నీ కలిపి ఒకేసారి ఇచ్చేస్తారు. సైరన్ ప్రోగ్రాము అలా పుట్టింది, సర్వాధికారిగా. కుర్రాళ్లు దాని సందులోంచి దూరగానే ఆ అధికారాలన్నీ వాళ్ల చేతుల్లో పడ్డాయి. దానికి నిజంగా కావలసినవేవో నాలుగు ఉంచి మిగతావన్నీ ఊడబెరికేస్తే, రేపు ఎవడు దూరినా చేయగలిగేది ఏమీ ఉండదు. ఇదీ అల్లాల్ ఆలోచన. మంచి ఆలోచనే, నేను కాదనను.

ఆ నాలుగూ ఏవి అన్నదే చిక్కు. ప్రోగ్రాము రాసినతను ఎప్పుడో కంపెనీ మారాడు. అతను రాసిన మూలం ఉన్న డిస్కు పాడైపోయింది. మిగిలింది నడిచే ప్రోగ్రాము ఒక్కటే, అది తనంతట తాను ఏదీ చెప్పదు. అధికారాలన్నీ తీసేసి నడిపితే "అనుమతి లేదు" అని చచ్చిపోతుంది. ఒకటి ఇస్తే ఇంకాస్త దూరం నడిచి మళ్లీ అదే మాట. ఇలా గుడ్డిగా ఇస్తూ తీస్తూ కొన్నాళ్లు పోయాక అల్లాల్ వేరే దారి పట్టాడు. కెర్నెల్ లోపల, అధికారం ఉందా లేదా అని చూసుకునే చోటే కాపలా పెట్టాడు. ఎవరు అడిగారు, ఏ అధికారం గురించి, జవాబు అవునా కాదా, ఇవన్నీ వరసగా తెర మీద పడతాయి. జాడ తీయడం అంటారు ఆ పనిని.

ఇక దొరికిపోయింది అనుకున్నాడు. పొద్దుతిరుగుడు గింజల పొట్లం విప్పి, కొరుకుతూ తెర ముందు కూర్చున్నాడు. తెర నిండా "కాదు, కాదు, కాదు" అని వరసలు పరుగెత్తాయి. ఒకే అధికారం గురించి, ఆగకుండా. అదీ ఎలాంటిది, ఎక్కడ పెట్టాలో తెలియని ప్రతి పనినీ తెచ్చి కుక్కిన పాత గోనెసంచి లాంటి అధికారం. అది ఇచ్చాడంటే అన్నీ ఇచ్చినట్టే. ఇవ్వకపోతే ఇన్ని కాదులు. రోజుల తరబడి ఆ వరసల వెంట పడి, ప్రోగ్రాము ఆ క్షణంలో ఏం చేస్తోందో ఒక్కొక్కటే పోల్చి చూసి, తల ప్రాణం తోకకొచ్చాక అసలు సంగతి బయటపడింది. ప్రోగ్రాము కాస్త జ్ఞాపకం చోటు, అంటే మెమరీ, కావాలని అడిగినప్పుడల్లా, "వీడు పెద్దవాడైతే పెద్దల కోసం అట్టిపెట్టిన చోటు కూడా ఇద్దాం" అని కెర్నెల్ తనలో తాను అనుకుంటుంది. కాడని తేలితే మామూలు చోటు ఇచ్చేసి ఊరుకుంటుంది. ఎవరికీ ఏ అడ్డూ లేదు. అది కాదనడమే కాదు, గొణుక్కోవడం. ఆ గొణుగుడు కోసం అల్లాల్ అన్ని రోజులు తగలేశాడు. గింజల తొక్కలు ఊడ్చేవాడు కూడా విసుక్కున్నాడు.

సి మఫద్దల్‌కు ఈ బాధలేవీ పట్టవు. ఆయన మంచివాడే, జీతాలు వేళకిస్తాడు. కానీ పని అయిందా లేదా అన్నదే ఆయనకు తెలిసిన ప్రశ్న.

"ఏమయ్యా, ఇంకా ఆ పెట్టె ముందే ఉన్నావా? పాస్‌వర్డ్ మార్చి బురుజెక్కించెయ్."

"పాస్‌వర్డ్ వీధి తలుపు తాళమే సి మఫద్దల్. అది దాటి వచ్చినవాడికి ఇల్లంతా రాసిచ్చేస్తున్నాం మనం."

"ఇంట్లో ఏముందయ్యా, ఒక సైరన్. అన్నీ ఇచ్చెయ్. దానికీ హాయి, నాకూ హాయి."

"కిందటేడు మధ్యాహ్నం మోగింది ఆ హాయి వల్లే."

సి మఫద్దల్ నవ్వి, "మున్సిపాలిటీ వాళ్లేమన్నారో గుర్తుందిగా," అన్నాడు. "ఇంకోసారి తప్పు మోగితే పెట్టె ఊడబీకి మనిషిని పెట్టుకుంటారట. నీ ఇష్టం మరి. తప్పు జరిగితే మాత్రం నీ పేరే చెబుతా."

"చెప్పండి," అన్నాడు అల్లాల్. అతని మొండితనం అలాంటిది.

చివరికి గొణుగుళ్లను పక్కకు తీసేస్తే తెర శుభ్రపడింది. మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. సైరన్ మోగించాడు, ఆపాడు. కరెంటు తీసి పెట్టాడు. పెట్టెను వానలో తడిపినంత పని చేశాడు. రంజాన్‌కు ముందు వచ్చే రజబ్ నెల పోయింది, షాబాన్ సగం పోయింది, ప్రోగ్రాము కొత్తగా ఇంకే అధికారమూ అడగలేదు. అడిగినవి ఇచ్చాడు, అడగనివన్నీ పీకేశాడు. పెట్టెను బురుజెక్కించి, మున్సిపాలిటీ అధికారి ఎదురుగా ఒకసారి మోగించి చూపించాడు. చక్కగా మోగింది. కింద బా ఖద్దూర్ చెయ్యెత్తి ఊపాడు. ఏడాది తర్వాత ఆ దుకాణం ముందు అల్లాల్ నిలబడి స్ఫెంజ్ తిన్నది ఆ రోజే.

రంజాన్‌కు ముందు ఆదివారం పొద్దున, ప్రతి ఏడూ లాగే, దేశంలో గడియారాలన్నీ గంట వెనక్కి వెళ్లాయి. ఉపవాసాల నెలంతా పాత గంట, పండగ అయ్యాక మళ్లీ కొత్త గంట. ఆ వారం ఎవరికీ టైమెంతో సరిగా తెలియదు. డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లు "పాత తొమ్మిదా, కొత్త తొమ్మిదా" అని అడుగుతారు. అల్లాల్ కుర్చీ ఎక్కి గోడ గడియారం ముల్లు వెనక్కి తిప్పాడు, చేతి గడియారం తిప్పాడు.

"నీ గంటలు నువ్వు తిప్పుకో నాన్నా," అంది లల్లా హనియా, పప్పు ఏరుకుంటూ. "కనబడని ముల్లు ఎటుంటే నాకేం. నాకు నీ సైరన్ చాలు."

అతనికి ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ సంతోషంలో ఇంకేమీ తట్టలేదు.

మొదటి ఉపవాసం నాడు పొద్దుటి నుంచీ ముసురు. ఆఫీసు పెందలాడే వదిలారు. అల్లాల్ పాలూ, ఖర్జూరాలూ కొనుక్కుని, బా ఖద్దూర్ దుకాణం ముందు వరసలో నిలబడ్డాడు. పొట్టలో ఆకలి, చలి, వెనకవాళ్ల తోపులాట. అప్పుడు సైరన్ మోగింది.

వరసలో ఉన్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరో జేబులోంచి ఫోన్ తీశారు. బా ఖద్దూర్ పుల్ల చేతిలో పట్టుకుని ఆకాశంకేసి చూశాడు. మబ్బు ఉంది కానీ వెలుతురు ఇంకా బాగానే ఉంది.

"అల్లాల్," అన్నాడు. ఈసారి గొంతులో వేళాకోళం లేదు. "ఇంకా గంటుందిరా."

అల్లాల్ పాల సీసా అక్కడే వదిలేసి పరుగెత్తాడు. బురుజు వైపు కాదు, ఇంటి వైపు. జారే రాళ్ల మీద, గొడుగుల మధ్య నుంచి, దర్బు మలుపులన్నీ దాటి తలుపు నెట్టి వంటింట్లోకి వచ్చాడు. లల్లా హనియా పీట మీద కూర్చుని ఉంది. పళ్లెంలో ఖర్జూరం గింజ. చేతిలో హరీరా చారు గిన్నె, సగం అయిపోయింది.

"వచ్చావా నాన్నా. కూర్చో, చల్లారిపోతుంది. ఇవాళ హరీరా కుదిరింది," అంది. మొహం వెలిగిపోతోంది. "చూశావా, ఎవర్నీ అడగలేదు."

అతనికి ఒక్క క్షణం అబద్ధం చెబుదామనిపించింది. పక్కన కూర్చుని తనూ గిన్నె అందుకుంటే ఆమెకు ఎప్పటికీ తెలియదు. ఎవరూ చెప్పరు కూడా. కానీ ఉపవాసం ఆమెది, దేవుడికీ ఆమెకూ మధ్య సంగతి. తన తప్పు కప్పుకోవడానికి దాన్ని దొంగిలించడం అతని వల్ల కాలేదు.

"అమ్మా, ఇంకా వేళ కాలేదు. గంట ముందు మోగింది. తప్పు నాదే."

ఆమె చెంచా గిన్నెలో పెట్టింది. గిన్నెను తడుముకుంటూ నేల మీద దించింది. బిడ్డలు పుట్టినప్పుడూ, జ్వరాలప్పుడూ తప్ప ఒక్క ఉపవాసం చెడగొట్టుకోని మనిషి. లేచి గోడ పట్టుకుని నడిచి, కుళాయి దగ్గర నోరు పుక్కిలించి వచ్చింది.

"పండగ వెళ్లాక ఒక రోజు ఉపవాసముండి తీర్చుకుంటాలే," అంది. "నువ్వు తడిసిపోయావు, బట్టలు మార్చుకో."

తిట్టినా బాగుండేది. అల్లాల్ బట్టలు మార్చుకోలేదు. ఆ గంటా తల్లీ కొడుకులిద్దరూ చల్లారిపోయిన గిన్నె ఎదురుగా కూర్చున్నారు.

మర్నాడు పొద్దున్నే బురుజెక్కాడు. పెట్టెను ఎక్కించిన నాడు జాడ తీసే కాపలాను అందులోనే ఉంచేశాడు, అదొక్కటే అతను చేసిన తెలివైన పని. వెనక్కి తిప్పి చూశాడు. ఆదివారం నాటి వరసల్లో కొత్తది ఒకటి ఉంది. ప్రోగ్రాము గడియారం వెనక్కి తిప్పే అధికారం అడిగింది, కెర్నెల్ కాదంది. ఇది గొణుగుడు కాదు, నిజంగా కాదనడమే. ఆ తర్వాత ప్రోగ్రాము ఏమైనా గోల చేసిందా అంటే, లేదు. పని అయిపోయిందనుకుని నడిచిపోయింది. పుట్టినప్పటి నుంచీ దాన్ని కాదన్నవాళ్లు లేరు. కాదంటే ఏం చేయాలో రాసినవాడు దానికి నేర్పలేదు. పెట్టె గడియారం కొత్త గంటలోనే ఉండిపోయింది, నమాజు వేళల పట్టిక మాత్రం పాత గంటలో ఉంది.

అల్లాల్ నుదురు కొట్టుకున్నాడు. చలికాలమంతా కళ్లు కాయలు కాచేలా చూశాడు. కానీ ఏడాదికి రెండుసార్లే అడిగే అధికారాన్ని, అడగని నెలల్లో ఎదురుగా కూర్చుని చూస్తే ఎలా కనబడుతుంది? వేరే దేశంవాడు చేస్తే తెలియక చేశాడనుకోవచ్చు. ఇతను అదే ఆదివారం పొద్దున కుర్చీ ఎక్కి తన చేత్తో తన గోడ గడియారం తిప్పినవాడు.

సి మఫద్దల్ మెట్లెక్కి వచ్చేసరికి ఆయాసపడుతున్నాడు. వెనకే మున్సిపాలిటీ అధికారి, మొహం ముడుచుకుని. ఆయన ఇంట్లో కూడా ఎవరో తినేశారట.

"దొరికింది సి మఫద్దల్," అన్నాడు అల్లాల్. "గడియారం తిప్పే అధికారం ఒక్కటి ఇస్తే చాలు. ఇప్పుడే ఇచ్చేస్తా. మిగతాదంతా సరిగ్గా ఉంది."

"మిగతాదంతా సరిగ్గా ఉందని నిన్న పొద్దున కూడా అన్నావు."

"నిన్న ఇది తెలియదు."

"సరే. ఇంకోటి ఉండదని చెప్పు. రంజాన్‌లో ఇరవై ఏడో పెద్ద రాత్రి అడిగేది ఒకటి, పండగ పొద్దున అడిగేది ఒకటి, ఉండదని ఈయన ఎదురుగా చెప్పు. ఒట్టేసి చెప్పమనను, మామూలుగా చెప్పు చాలు."

అల్లాల్ తెర మీది వరసలకేసి చూశాడు. జాడ తీస్తే అడిగినవి తెలుస్తాయి, అడగబోయేవి తెలియవు. ఈ ముక్క అతనికి కొత్తేమీ కాదు, కానీ ఒక మనిషి మొహంలోకి చూసి ఒప్పుకోవాల్సి రావడం ఇదే మొదలు.

"చెప్పలేను," అన్నాడు.

"అయితే అన్నీ ఇచ్చెయ్," అన్నాడు సి మఫద్దల్. గొంతులో గెలిచానన్న దర్పం లేదు, అలసట ఉంది. "అన్నీ ఉన్నన్నాళ్లూ వేళ తప్పలేదు. కుర్రాళ్లు వస్తే రానీ, వాళ్లను పోలీసులు చూసుకుంటారు. దీన్నెవరు చూసుకుంటారు?"

"రేపు ఎవడైనా దూరితే మళ్లీ మొదటికొస్తుంది. ఒక్కసారి నా మాట వినండి."

"విన్నానయ్యా. చలికాలమంతా విన్నాను."

అధికారి చేతి గడియారం చూసుకున్నాడు. అల్లాల్ పెట్టె ముందు గొంతుక్కూర్చుని, చలికాలమంతా ఒక్కొక్కటిగా పీకిన అధికారాలన్నీ ఒక్క వరసలో తిరిగి ఇచ్చేశాడు. అన్నీ ఇవ్వడానికి రాయాల్సింది ఎంత తక్కువో చూస్తే అతనికి ఒళ్లు మండింది. గడియారం సరిచేసి, మూత బిగించి కిందికి దిగాడు.

ఆ సాయంత్రం ఇంటికి పెందలాడే వెళ్లాడు. పళ్లెంలో ఖర్జూరాలు తనే పెట్టాడు, హరీరా తనే వడ్డించాడు. గోడ గడియారం, చేతి గడియారం, ఫోను, మూడూ చూసుకున్నాడు. సైరన్ మోగింది. నిమిషం అటూ ఇటూ లేదు.

లల్లా హనియా వేళ్ల మధ్య ఖర్జూరం ఉంది. చెయ్యి నోటి దాకా వెళ్లలేదు. పక్కింటి గోడ వైపు తల తిప్పింది.

"బతూల్, మీ టీవీలో అజాన్ అయిందా అమ్మా?"

"వేళయిందమ్మా," అన్నాడు అల్లాల్. "నేను చూశాను."

"చూసే ఉంటావులే నాన్నా." ఆమె గొంతు మెత్తగానే ఉంది. అలవాటుగా అతని మోకాలు తట్టింది. "ఉండు, ఆ పిల్లను కూడా చెప్పనీ."

అల్లాల్ తన ఖర్జూరం చేతిలో పట్టుకుని ఆమె పక్కన కూర్చున్నాడు. గోడ అవతలి నుంచి బతూల్ పలకడానికి కాస్త ఆలస్యమైంది.